బూడిద నేలపై రంగుల ఫిలిము

పున్నమినాటి చంద్రుని వెన్నముద్దతోను, వెండిపళ్లెముతోను పోల్చని కవి తెలుగునాట లేడనవచ్చును. కాని నిజమునకు చంద్రుడు తెల్లనివాడు కాడు. తనపై బడిన సూర్యకాంతిలో అతడు తిరిగి పంపునది నూటికి ఇంచుమించు పండ్రెండు పాళ్లు మాత్రమే. పాతబడిన తారురోడ్డును అంతే కాంతిని తిరిగి పంపును. వెనుక నల్లని ఆకాశ ముండుటచేతను, ప్రక్కన పోల్చి చూచుటకు మరియొక వస్తువు లేకపోవుటచేతను ఆ మసినేల మన కంటికి పాలవలె తోచుచున్నది. కవులను తప్పుపట్ట బనిలేదు. కన్ను చెప్పినదే వారు వ్రాసిరి.

ఇట్టి రంగులేని నేలను ఫొటో తీయుటకు రంగుల ఫిలిము దేనికి? నలుపు తెలుపుల ఫిలిము చాలదా? ఈ ప్రశ్న సహజమైనదే. దీనికి సమాధానము ఫిలిము పనిచేయు తీరులో నున్నది.

నలుపు తెలుపుల ఫిలిము వెలుగు నీడల తారతమ్యమును మాత్రమే గుర్తించును. ఎఱ్ఱని మందారపువ్వును, దాని ప్రక్కనున్న పచ్చని ఆకును ఆ ఫిలిముపై ఒకే బూడిద వన్నెగా పడిన పడవచ్చును. రంగుల ఫిలిమున మూడు ముఖ్యమైన పొరలుండును. ఒకటి నీలమును, ఒకటి ఆకుపచ్చను, ఒకటి ఎఱుపును గ్రహించును. ఈ మూడింటి కలయికచే సర్వవర్ణములను చూపవచ్చునని 1861లో జేమ్స్ క్లెర్కు మాక్స్‌వెల్ అను శాస్త్రజ్ఞుడు ఒక రంగుల రిబ్బనును మూడు వడపోత గాజుల ద్వారా ఫొటో తీయించి నిరూపించెను. మూడు పొరలును సమముగా స్పందించినప్పుడే బూడిదరంగు ఏర్పడును. ఒక పొర రవంత మొగ్గినను బూడిద కాస్త నీలమగును, లేదా గోధుమవన్నెకు తిరుగును. మందారపు ఎఱుపు కొంచెము మారిన నెవ్వరును కనిపెట్టరు. బూడిద మారినచో ఇట్టే తెలిసిపోవును. కావున రంగుల ఫిలిమునకు బూడిద వస్తువే కఠిన పరీక్ష.

1968 డిసెంబరులో అపోలో 8 వ్యోమనౌకలో ఫ్రాంక్ బోర్మన్, జేమ్స్ లవెల్, విలియం ఆండర్సు అను మువ్వురు చంద్రుని చుట్టు పదిమార్లు తిరిగిరి. చంద్రుని అంత దగ్గరగా చూచిన మొదటి మానవులు వారే. క్రింద కనబడు నేల ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వలె, బూడిదవన్నె ఇసుకవలె నున్నదనియు, రంగు లేదనియు లవెల్ భూమికి తెలియజేసెను. డిసెంబరు 24వ తేదీన, నాలుగవ ప్రదక్షిణములో, చంద్రుని అంచు మీదుగా భూమి పైకి వచ్చుట ఆండర్సు కంటబడెను. అప్పుడాతని కెమెరాలో నలుపు తెలుపుల ఫిలిమే యుండెను. దానితో ఒక ఫొటో తీసి, వెంటనే రంగుల ఫిలిము కావలెనని తొందరపెట్టెను. లవెల్ వెదకి అందించెను. అట్లు తీసిన చిత్రమే నేడు లోకమంతట ప్రసిద్ధమైనది. క్రింద బూడిద నేల, పైన నీలివన్నె భూగోళము. మొదట తీసిన నలుపు తెలుపుల చిత్రములోను ఆ భూమియే యున్నది. కాని దానిని తలచువారు తక్కువ.

తరువాత 1969 మేలో అపోలో 10 వ్యోమగాములు చంద్రుడు గోధుమవన్నెగా నున్నాడనిరి. ఎవరి మాట నిజము? ఇద్దరిదియు నిజమే. సూర్యుడు చంద్రతలమునకు ఏటవాలుగా నున్నప్పుడు నేల బూడిదగాను, ఎత్తునకు వచ్చినప్పుడు గోధుమ ఛాయగాను కానవచ్చును. 1992లో గెలీలియో వ్యోమనౌక వడపోతల ద్వారా తీసిన చిత్రములను కలిపి, రంగులను బాగుగ హెచ్చించి చూచినప్పుడు, టైటానియము మెండుగా గల ప్రశాంత సాగరప్రాంతము నీలముగా తేలెను. కంటి కందనంత పలుచగా రంగులు అక్కడ దాగియే యున్నవి.

కంటికి స్పష్టముగా కనబడిన రంగు మాత్రము 1972 డిసెంబరులో దొరకెను. అపోలో 17లో వెళ్లిన యూజీన్ సెర్నన్, హారిసన్ ష్మిట్ అనువారు టారస్-లిట్రో లోయలో దిగిరి. ష్మిట్ భూగర్భ శాస్త్రవేత్త. సుమారు 110 మీటర్ల వెడల్పుగల షార్టీ అను గుంట అంచున నడచుచుండగా, తన పాదములు కదిపిన మట్టి నారింజవన్నెగా నుండుట ఆతడు చూచెను. మొదట నమ్మలేదు, ఏదో వస్తువునుండి పడిన ప్రతిబింబమేమోయని శంకించెను. సెర్నన్ తన శిరస్త్రాణపు బంగారుపూత ముసుగును పైకెత్తి చూచెను. మట్టి నారింజరంగుగానే యుండెను!

ఇరువురు మనుష్యులు చూచితిమన్నంత మాత్రమున శాస్త్రము ఒప్పుకొనదు. ఫిలిము సాక్ష్యము కావలెను, ఆ సాక్ష్యము నమ్మదగినదై యుండవలెను. అందుకొరకే వారు నోమన్ అను చిన్న ముక్కాలి పరికరమును నేలపై నిలిపి ఫొటోలు తీసిరి. దానికి బూడిదవన్నెల పట్టికయు, రంగుల పట్టికయు అమర్చబడి యుండెను. చిత్రములో ఆ పట్టికల రంగులు సరిగా నున్నచో మట్టిరంగును సరియైనదే. చుట్టునున్న నేల బూడిదగానే పడుటయు గొప్ప సాక్ష్యమయ్యెను. ఫిలిమే నారింజవైపు మొగ్గి యున్నచో ఆ నేలయు మారి యుండెడిది గదా! నలుపు తెలుపుల ఫిలిములోనైనచో ఈ మట్టి మరియొక బూడిదచారగా మాత్రమే మిగిలియుండెడిది.

అక్కడ గడుపుటకు వారికి అర్ధగంటకు కొంచెము మించిన వ్యవధి మాత్రమే యుండెను. ఆ తొందరలోనే చిన్న కాలువ త్రవ్వి మట్టి నెత్తిరి. ఒక గొట్టమును లోతుగా దింపి పొరలు చెదరకుండ నమూనా తీసిరి. ఇటీవలి అగ్నిపర్వతపు ఆవిరులచే మట్టి త్రుప్పుపట్టినట్లు మారినదేమోయని మొదట అనుకొనిరి. ఆ యూహ నిలువలేదు. పరీక్షింపగా అది మిల్లీమీటరులో ఇరువదియైదవ వంతు పరిమాణముగల గాజుపూసల రాశియని తేలెను. దాని వయస్సు 350 కోట్ల సంవత్సరములకు పైమాటే. చంద్రగర్భమునుండి ద్రవశిల చిమ్మనగ్రోవివలె ఎగజిమ్మి, తుంపరలై, పడులోపల గడ్డకట్టినది. ఉల్క తాకి షార్టీ గుంట యేర్పడినప్పుడు, మరుగున నున్న ఆ పొర బయటపడినది. ఆ పూసలలో చిక్కుకొనిన సూక్ష్మబిందువులందు నీటి జాడ యున్నదని 2011లో ప్రకటింపబడెను.

గొట్టములోని మట్టిలో మరియొక వింత కనబడెను. పైభాగము నారింజరంగు, లోతునకు పోయినకొలది నలుపు. రెండింటి రసాయనద్రవ్యము లొక్కటే. వేగముగా చల్లారిన తుంపర గాజై నారింజవన్నెతో నిలిచినది. మెల్లగా చల్లారినది స్ఫటికములు కట్టి నల్లబడినది.