గడియారంలో ఎనిమిది గంటలు.. పనిలో తొమ్మిది!

షాంటిలీ (వర్జీనియా): శనివారం రాత్రి 10 గంటలకు డ్యూటీ ఎక్కి, ఆదివారం ఉదయం 6 గంటలకు దిగితే ఎన్ని గంటలు పనిచేసినట్టు? ఎవరైనా ఎనిమిదే అంటారు. కానీ 2024 నవంబర్ 2 రాత్రి ఇక్కడ అలా చేసినవాళ్లు పనిచేసింది తొమ్మిది గంటలు. అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం రాత్రి 2 గంటలకు గడియారాన్ని ఒక గంట వెనక్కి తిప్పుతారు. ఆ రాత్రి 1.30 రెండుసార్లు వస్తుంది. మార్చి రెండో ఆదివారం దీనికి తిరకాసు: అదే షిఫ్టు ఏడు గంటలే. 2007 నుంచి ఇవే తేదీలు.

షాంటిలీ, ఆష్‌బర్న్ చుట్టుపక్కల డేటా సెంటర్లు కట్టే మనలాంటివాళ్లం చాలాచోట్ల గేటు దగ్గర కార్డు చూపించే లోపలికి వెళతాం. ఆ టైమ్ కంప్యూటర్ లాగ్‌లో పడుతుంది. చాలా సిస్టమ్‌లు గంటలు, నిమిషాలు రాసుకోవు. 1970 జనవరి 1 అర్ధరాత్రి నుంచి, యూటీసీ లెక్కన గడిచిన సెకన్లు రాసుకుంటాయి. లినక్స్‌లోని సిస్టమ్‌డి జర్నల్ అయితే మైక్రోసెకన్లలో రాస్తుంది. పైథాన్ వంటి భాషల్లోని లైబ్రరీలు ఆ అంకెను తేదీగా, టైమ్‌గా మార్చి ఇస్తాయి. తిరకాసంతా ఇక్కడే. ఏ టైమ్ జోనో రాయకుండా మారిస్తే రెండు 1.30లూ ఒక్కలాగే కనబడతాయి, మన గంట గల్లంతవుతుంది.

అసలు అంకెలు మాత్రం అబద్ధం చెప్పవు. పైన చెప్పిన షిఫ్టు మొదలు 1730599200, ముగింపు 1730631600. తేడా 32400 సెకన్లు. దాన్ని 3600తో భాగిస్తే సరిగ్గా తొమ్మిది.

కంప్యూటర్ రాకపోయినా ఫర్వాలేదు, ఇంటి టైమ్‌తో చూసుకోవచ్చు. మన దేశంలో గడియారం ముందుకూ వెనక్కూ జరగదు కదా! ఆ షిఫ్టు ఇండియాలో ఉదయం 7.30కి మొదలై సాయంత్రం 4.30కి ముగిసింది. అంటే తొమ్మిది గంటలే. దుబాయ్, దోహాల్లోని సోదరులకు గడియారం మార్చే బాధ లేదు. కానీ లాగ్ యూటీసీలో ఉంటే దుబాయ్‌లో 4, దోహాలో 3 గంటలు కలుపుకోవాలి.

ఇక్కడి 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం ప్రకారం కూలి ఇవ్వాల్సింది నిజంగా పనిచేసిన గంటలకే. గంటల లెక్కన జీతం తీసుకునే చాలామందికి వారంలో 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. ఆ తొమ్మిదో గంట ఓటీలో పడితే దాని విలువ ఇంకా పెరుగుతుంది. పే రికార్డులను యజమాని మూడేళ్లు భద్రపరచాలి.

అందుకే నవంబర్ తొలి వారం జీతం స్లిప్ వచ్చాక గంటలు ఒకసారి సరిచూసుకోండి. తేడా ఉంటే గొడవపడకుండా, ‘లాగ్‌లో టైమ్ ఏ జోన్‌లో ఉంది?’ అని అడగండి. మనం కూడా డ్యూటీ ఎక్కిన, దిగిన టైమ్‌లు ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటే మంచిది.