అప్పు తీరిన యిల్లా? అప్పుమీది మేడయా?

మన పట్టణములలో నలువదియేండ్లు దాటిన గృహస్థుల నడుమ ఈ దినములలో తరచుగా చర్చకు వచ్చు ప్రశ్న యొకటి గలదు. పదునైదేండ్ల క్రిందట కొన్న రెండు పడకగదుల యిల్లు. దానిపై చేసిన అప్పు తీరినది, లేదా తీరవచ్చినది. పిల్లలు ఎదిగినారు, జీతము పెరిగినది, బ్యాంకులవారు తామే ఫోను చేసి మరికొంత అప్పిత్తుమనుచున్నారు. ఉన్న యిల్లమ్మి, అప్పు తెచ్చి, మూడు పడకగదుల యిల్లు కొనుటయా? లేక అప్పులేని యిరుకింటిలోనే కాలము గడుపుటయా? విజయవాడలోను, విశాఖపట్టణములోను, హైదరాబాదులోను ఈ మాట వినబడని వీథి లేదు. పొలము కొంత అమ్మి, చాలని సొమ్ము బ్యాంకునుండి తెచ్చి, పట్టణమున మేడ కొనదలచిన రైతునకును ఇది వర్తించును. మా యభిప్రాయమును మొదటనే తెలియజేయుచున్నాము. ఒకసారి తనఖానుండి విడిపించుకొన్న యింటిని నడివయస్సున మరల తనఖాలోనికి దింపుట సాధారణముగా తగదు. ఐనను రెండవపక్షము లేకపోలేదు. దానిని పరిహసించి త్రోసివేయుట న్యాయము గాదు.

ఎవడు సుఖియని యక్షుడడిగినపుడు ధర్మరాజు చెప్పిన ప్రత్యుత్తరము భారతము చదివినవారికి తెలియనిది గాదు. అప్పులేక, పరదేశవాసము లేక, తన యింట కూరాకు వండుకొని తినువాడే సుఖియని యాతడు చెప్పెను. సొంతయిల్లు అవసరమనియే ఆయన భావము. ఆ యింటికి గదులెన్నియో యక్షుడడుగలేదు, ధర్మరాజు చెప్పనులేదు. మన పెద్దలు ఇల్లు కట్టి చూడుమనియు, పెండ్లిచేసి చూడుమనియు ఒక్క యూపిరిలోననిరి. రెండును మనుష్యుని నడుము విరుచు పనులే. ఈనాడు ఆ రెంటికిని ఆధారము ఆ యిల్లే. ఇంటి అప్పు సగము తీరకమునుపే, అదే యింటిమీద 'టాప్ అప్' అను పేర మరియొక అప్పు తెచ్చి పెండ్లి పందిరి వేయువారు మనకు క్రొత్తగారు.

లెక్క చూతము. 40 లక్షల రూపాయల అప్పు, నూటికి ఎనిమిదిన్నర వడ్డీ, 20 ఏండ్ల గడువు. నెలవాయిదా 34,713 రూపాయలగును. మొదటి నెల చెల్లించిన యీ సొమ్ములో 28,333 రూపాయలు వడ్డీక్రింద పోవును. అసలుక్రింద జమయగునది 6,380 మాత్రమే. వాయిదా తప్పక పదేండ్లు కట్టిన గృహస్థుడు నలువదియొక లక్షల అరువదియైదువేల రూపాయలు చెల్లించియుండును. అనగా తెచ్చిన అసలుకంటె ఎక్కువయే. అప్పుడు బ్యాంకునకు పోయి తన బాకీ యెంతయని యడిగినచో ఇంకను 28 లక్షలని చెప్పుదురు! ఇందు మోసమేమియు లేదు. వడ్డీని ముందు రాబట్టుకొను పద్ధతి లెక్కయే అట్టిది. కాని సంతకము చేయునాడు ఈ పదియవయేటి యంకెను చూచినవారు మాకు మిక్కిలి యరుదుగా తటస్థపడినారు. అందరును చూచునది నెలవాయిదానే. అది జీతములో ఇముడునా లేదాయని మాత్రమే. గడువు ముగియునప్పటికి చెల్లించిన మొత్తము ఎనుబదిమూడు లక్షలు దాటును. అందు వడ్డీయే నలువదిమూడు లక్షలు.

అసలునకు మించిన వడ్డీ కూడదనునది మన దేశమున క్రొత్తమాట గాదు. ఒకసారిగా రాబట్టుకొను బాకీ అసలునకు రెండింతలు మించరాదని మనుస్మృతి నియమించినది. దామ్‌దుపట్ అను పేరుతో ఈ నియమమును బొంబాయి న్యాయస్థానములు హిందువుల ఋణములకు వర్తింపజేసినవి. తెలుగుజిల్లాల రైతుకుటుంబములకు మరింత దగ్గరి జ్ఞాపకము 1938నాటి మదరాసు వ్యవసాయదారుల ఋణోపశమన చట్టము. 1930 ప్రాంతమున ధాన్యపు ధరలు కూలిపోయినవి. బాకీపత్రములలోని యంకెలు మాత్రము కూలలేదు. మంచికాలమున, మంచిధరను నమ్మి చేసిన అప్పు, చెడుకాలమున పొలమునకే యెసరుపెట్టినది. రాజగోపాలాచారిగారి మంత్రివర్గము తెచ్చిన ఆ చట్టమునందు, పాతబాకీల విషయమున అసలునకు రెట్టింపు సొమ్ము ముట్టియున్నచో ఆ బాకీ యంతటితో తీరినట్లేయని విధించిరి. అది రైతుల యప్పులకేగాని నేటి గృహఋణములకు వర్తించునది గాదు. ఐనను వినోదమునకై ఆ కొలబద్దను పైలెక్కకు పెట్టి చూచితిమి. 231వ వాయిదాతో రెట్టింపు దాటినది. మిగిలిన తొమ్మిది వాయిదాలు ఆ కొలతకు మించినవి. నేటి వడ్డీ నాటి షావుకారు వడ్డీవలె క్రూరమైనదని మేమనుటలేదు. గడువు పొడుగైనచో మెత్తని వడ్డీయు ఎంతదూరము ప్రాకునో చూపుటకే దీనిని వ్రాసితిమి.

పైలెక్కలో వడ్డీరేటు మారదని యనుకొంటిమి. అది మారును. 2019 అక్టోబరు 1 మొదలు బ్యాంకులు క్రొత్తగా నిచ్చు చరవడ్డీ గృహఋణములను రెపోరేటువంటి బయటి ప్రమాణమునకు ముడిపెట్టవలెనని రిజర్వుబ్యాంకు శాసించినది. 2020 మే నెలలో 4గా నుండిన రెపోరేటు, 2022 మే మొదలు 2023 ఫిబ్రవరిలోగా 6.5కు ఎగబ్రాకినది. అనగా తొమ్మిదినెలలలో రెండున్నర పాయింట్లు. అగ్గువవడ్డీని చూచి పెద్దయిల్లు కొన్నవాని గతి యేమైనదో గమనింపుడు. నూటికి 6.75 వంతున 40 లక్షలు 20 ఏండ్లకు తెచ్చినవాని వాయిదా 30,415 రూపాయలు. ఒక సంవత్సరము కట్టిన పిమ్మట రేటు 9.25 అయి, వాయిదా మాత్రము మారనిచో, మిగిలిన గడువు 19 ఏండ్లు గాక 48 ఏండ్లు దాటును! తండ్రి చేసిన సంతకమును కొడుకు మోయవలసినదే. ఇట్టి చిక్కులను చూచియే, 2023 ఆగస్టులో రిజర్వుబ్యాంకు, వడ్డీ మారినపుడు వాయిదా పెంచుటయా, గడువు పొడిగించుటయా, రెండునుగలిపి చేయుటయా యను నిర్ణయమును ఋణగ్రస్తునకే యొసగవలెనని బ్యాంకులను ఆదేశించినది. 2025లో రెపోరేటు పలుమారులు తగ్గి, డిసెంబరునకు 5.25కు వచ్చినది. తగ్గినపుడు సంతోషింపవలసినదే. కాని ఇరువదియేండ్ల కాలమున ఇట్టి యెగుడుదిగుడులు ఎన్నిమారులు వచ్చునో ముందుగా లెక్కగట్టగలవారెవరు?

ఇక చట్టముమాట. 1882నాటి ఆస్తిబదిలీ చట్టము ప్రకారము, దస్తావేజులను ఋణదాతకు అప్పగించుటయే యొక విధమైన తనఖా. నేటి గృహఋణములలో హెచ్చుభాగము ఈ జాతిలోనివే. తలుపుపై మన పేరున్నను, దస్తావేజులుండునది బ్యాంకు ఇనుపబీరువాలో. తొంబదిదినములు వాయిదా బకాయిపడినచో ఆ ఖాతా మొండిబాకీల పద్దులోనికి పోవును. 2002నాటి సర్ఫేసీ చట్టముక్రింద బ్యాంకు అరువదిదినముల నోటీసిచ్చి, అప్పటికిని బాకీ తీరనిచో, ముందుగా దావావేయు పని లేకయే ఇంటిని స్వాధీనము చేసికొని అమ్మింపవచ్చును. ఋణగ్రస్తునకు ఋణవసూలు ట్రిబ్యునలునకు పోవు హక్కు గలదనుట నిజమే. పొలములుగల మా పాఠకులు ఇచ్చట నొక విశేషమును గమనింపవలెను. ఆ చట్టము వ్యవసాయభూమిపై గల హామీకి వర్తింపదు. అనగా పొలమునకున్న ఆ రక్షణను వదలుకొని, అది లేని పట్టణపు మేడలోనికి సొమ్మును మార్చుచున్నామను సంగతి, పొలమమ్మి ఫ్లాటు కొనువారు ఎరిగియుండవలెను.

ఇక రెండవపక్షము. అప్పే వలదనువారు చెప్పునది యంతయు సత్యము గాదు. అప్పు లేనిదే మధ్యతరగతివాడు ఇల్లు కొనగలిగిన కాలమే యెన్నడును లేదు. సొమ్మంతయు కూడబెట్టి కొందమన్నచో ధర కాళ్లకు చక్రములు కట్టుకొని ముందు పరువెత్తుచుండును. ముప్పదియేండ్ల యువకునకు జీతము పెరుగునదేగాని వాయిదా ఆ లెక్కన పెరుగునది గాదు. మొదటి అయిదేండ్లు బరువైనది పదేండ్లకు తేలికపడును. చేతిలో సొమ్మున్నచో నిలువని స్వభావము గలవారికి నెలవాయిదా చీటీపాటవలె బలవంతపు పొదుపుగూడ. అన్నిటికంటె మించినది ఇంటిలోని మనుష్యుల బాధ. పక్షవాతమువచ్చిన తల్లి హాలులో మంచముపై పరుండియుండ, ఆమె యెదుటనే బంధువులు టీవీ చూచుచుండ, పదవతరగతి చదువు పిల్ల వంటయింటి గడపమీద కూర్చుండి లెక్కలు చేసికొనవలసిన కుటుంబమునకు మరియొక గది విలాసము గాదు. అట్టివారికి అప్పు వలదని బోధించుట మాకు సాధ్యము గాదు.

కాని పెద్దయిల్లు కోరువారందరును ఇట్టి యవసరము గలవారేనా? మేము చూచినంతవరకు మూడవగది చాలయిండ్లలో మొదటియేడు అతిథిగది, రెండవయేడు సామానులగది. పిల్లవాడు పై చదువునకు చెన్నపట్టణమునకో, అమెరికాకో వెడలిపోవును. వాని గది వాయిదా మాత్రము తండ్రి కట్టుచునేయుండును. ఇరుకన్నది నడివయస్సున ఎనిమిదిపదేండ్ల బాధ, అప్పన్నది ఇరువదియేండ్లది. పైగా కొన్న కొలత వేరు, కాలుపెట్టు కొలత వేరు. సూపర్ బిల్టప్ అను పేర మెట్లు, లిఫ్టు, నడవ యన్నియు గలిపి చెప్పు చదరపుటడుగులకు, గోడలలోపల మిగులు నేలకు ఎంతో యంతరముండుటచేతనే 2016నాటి రేరా చట్టము కార్పెట్ వైశాల్యమును ప్రమాణముగా నిర్దేశించినది. నెలనెల నిర్వహణ రుసుమును చదరపుటడుగుల లెక్కనే వసూలుచేయు సముదాయములు పెక్కులు గలవు. అందుచే పెద్దయింటి వ్యయము వాయిదాతో ముగియదు. పన్ను మినహాయింపు వచ్చుననునది మరియొక యాశ. సొంతవాసమునకైన యింటి వడ్డీపై 2 లక్షలవరకు మినహాయింపు పాతపద్ధతిలో పన్ను కట్టువారికి మాత్రమే. క్రొత్తపద్ధతి నెన్నుకొన్నవారికి అది లేదు. ఐనను ఏజెంట్లు అందరికిని ఆ మాటయే చెప్పుచుందురు.

మేము అంకెలకంటె హెచ్చుగా భయపడున దొకటి గలదు. నెలకు ముప్పదినాలుగువేల కట్టుబాటు గలవాడు పై యధికారి అన్యాయమును కాదనలేడు. తనకు సరిపడని యుద్యోగమును విడువలేడు. తండ్రికి జబ్బుచేసి ఆరునెలలు ఊరిలో నుండవలసివచ్చినపుడు సెలవు పెట్టుటకు తటపటాయించును. భార్య తన ఉద్యోగము మానుకొని చిన్న వ్యాపారము పెట్టదలచినచో, ముందు వాయిదా సంగతి చూడుమనును. ఇద్దరి జీతములను లెక్కలోనికి తీసికొని ఇచ్చిన అప్పునకు ఇద్దరును బందీలే. హైదరాబాదు సాఫ్టువేరు కొలువులలో ఒక్కదినపు ఈమెయిలుతో ఉద్యోగము పోయినవారిని ఇటీవలి సంవత్సరములలో మనము కన్నులార చూచితిమి. వారిలో ఇల్లు ఋణముక్తమైనవాడు ఆరునెలలు వేచి తగిన పని వెదకికొనగలిగెను. క్రొత్త మేడ కొన్నవాడు దొరికిన పనిలో, దొరికిన జీతమునకు చేరవలసివచ్చెను.

కనుక పెద్దయిల్లు కొనక తప్పనివారు గదులను లెక్కించుటకు ముందు తమ వయస్సును లెక్కించుకొనవలెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగికి పదవీవిరమణ 62వ యేట, తెలంగాణలో 61వ యేట. ప్రైవేటు కొలువులలో అంతవరకు నిలుచునను నమ్మకము లేదు. నలువదియైదేండ్లవాడు ఇరువదియేండ్ల గడువునకు సంతకము చేసినచో, జీతము ఆగిన పిమ్మట పింఛనునుండియో, కొడుకు సంపాదననుండియో వాయిదా కట్టవలసియుండును. అట్టివానికి పదేండ్ల గడువే గడువు. పైన చెప్పిన 40 లక్షలకే పదేండ్లయినచో వాయిదా 49,594 రూపాయలు. వడ్డీ మొత్తము పందొమ్మిదిన్నర లక్షలు. ఆ వాయిదాను భరింపలేనివానికి ఆ యిల్లు పెద్దదే. ఇరువదియేండ్లకు సాగదీసినంతమాత్రమున అది చిన్నది కాజాలదు. చేతిసొమ్ము మరి 5 లక్షలు మొదటనే కట్టి, 35 లక్షలే తెచ్చి, వాయిదా 34,713గానే ఉంచుకొన్నచో 240 వాయిదాలలో 62 తప్పిపోవును. గృహప్రవేశపు భోజనములలోను, చెక్కపనులలోను పోవు సొమ్ము తరచుగా ఇంతయేయుండును. చరవడ్డీపై వ్యక్తులు తెచ్చిన గృహఋణమును ముందుగా తీర్చినచో బ్యాంకులు జరిమానా గైకొనరాదని 2012లోనే రిజర్వుబ్యాంకు ఉత్తరువైనది. కనుక బోనసు వచ్చినను, పంటసొమ్ము మిగిలినను అసలుక్రింద జమవేయుటకు అడ్డేమియు లేదు.

అప్పు తీర్చి, ఉన్నయింటనే యుండుటకు నిశ్చయించుకొన్నవారు చివరి వాయిదాతో పని ముగిసినదనుకొనరాదు. అప్పు పూర్తిగా తీరిన ముప్పదిదినములలో మూలదస్తావేజులను తిరిగి యీయవలెననియు, తమ కారణమున ఆలస్యమైనచో దినమునకు 5,000 రూపాయలు పరిహారము చెల్లింపవలెననియు రిజర్వుబ్యాంకు 2023 సెప్టెంబరులో ఋణసంస్థలను ఆదేశించినది. అది ఆ యేటి డిసెంబరు 1నుండి అమలులోనికి వచ్చినది. ఇచ్చిననాడు తీసికొన్న రసీదుతో సరిచూచి ప్రతి కాగితమును లెక్కించుకొనవలెను. తనఖా రిజిస్టరయియున్నచో దానిని రద్దుచేయించి, పిమ్మట సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున ఈసీ తీయించి, ఇంటిపై బ్యాంకుపేరు మిగిలియున్నదేమో చూచుకొనవలెను. ఈ పని చేయక, పదేండ్లకు ఇల్లమ్మబోయిననాడు ఎప్పుడో తీరిన బాకీ ఈసీలో కనబడగా, మూతపడిన శాఖ కాగితములు ఎచ్చటికి పోయినవో వెదకుచు తిరుగువారిని మేమెరుగుదుము.