ఫిడేలు నాయుడుగారు

వీణ ఇంటిపేరైన విద్వాంసులు మన దేశమున పెక్కుమంది గలరు. వీణ మనది, అందు వింత లేదు. పశ్చిమదేశముల నుండి ఓడనెక్కి వచ్చిన వాద్యమొకటి మన తెలుగువారిలో ఒకరికి ఇంటిపేరగుట మాత్రము వింతయే. ద్వారం వేంకటస్వామినాయుడుగారిని ఆంధ్రదేశము ‘ఫిడేలు నాయుడుగా’రనియే యెఱుగును. వారు 1964 నవంబరు 25వ తేదీన పరమపదించిరి. వారి కచ్చేరీలను గూర్చి వ్రాసినవారు చాలమంది గలరు. కచ్చేరీ ముగించుకొని వారు తిరిగివచ్చిన యింటిని గూర్చి మేము నాలుగు మాటలు చెప్పదలచితిమి. ఆ యిల్లు లేనిచో ఆ కచ్చేరీలును లేవని మా అభిప్రాయము.

నాయుడుగారు 1893 నవంబరు 8వ తేదీన, దీపావళినాడు, బెంగుళూరులో జన్మించిరి. పెరిగినది విశాఖపట్టణమున. దీపముల పండుగనాడు పుట్టిన ఆ బిడ్డకు కంటిచూపు మందము. బడిలో చదువు ముందునకు సాగలేదు. అట్టి పిల్లవానిని ఏ మూలనో కూర్చుండబెట్టి జాలిపడు కుటుంబములు మనలో నేటికిని ఎన్నియో గలవు. వారి యన్నగారు వేంకటకృష్ణయ్యగారు అట్లు చేయలేదు. తమ్ముని చేతికి ఫిడేలిచ్చి, తామే గురువై నేర్పిరి. కన్ను చేయలేని పనిని చెవి చేయసాగెను. నాయుడుగారి విద్యకు మొదటి పాఠశాల అన్నగారి యరుగేయని చెప్పవలెను.

1919లో విజయనగర మహారాజావారు సంగీత కళాశాలను స్థాపించి, హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారిని అధ్యక్షులుగా నియమించిరి. శిష్యుడుగా చేరవలెనని వెళ్లిన నాయుడుగారిని వారు ఆచార్యునిగా కూర్చుండబెట్టిరని ఒక కథ చెప్పుకొందురు. కథ యెట్లున్నను, ఇరువదియాఱేండ్ల ప్రాయమున వారు అచ్చట ఫిడేలు ఆచార్యులైరనుట నిజము. 1936లో దాసుగారి తరువాత ఆ కళాశాల అధ్యక్షపదవియు వారినే వరించెను.

ఇచ్చట ఫిడేలువాని బ్రతుకెట్టిదో చదువరులకు గుర్తుచేయవలసియున్నది. మన కచ్చేరీలో గాయకుడు నడుమ కూర్చుండును, ఫిడేలువాడు ప్రక్కన. గాయకుడు ఏ రాగమెత్తుకొనునో, ఎచ్చట నిలుచునో, ఏ సంగతి విసరునో ముందుగా తెలియదు. విన్నదానిని విన్నవెంటనే తీగపై పలికింపవలెను, మించి పలికింపరాదు. తన మనోధర్మము చూపుటకు గాయకుడు విడిచిన వ్యవధియే వానికి దక్కినది. పెండ్లిపందిటిలో అట్టి విద్వాంసుడు వాయించుచుండగా మన పెద్దలు భూముల ధరలు మాట్లాడుకొనుటయు కద్దు. ఆ పెద్దలలో మేమును ఒకప్పుడు కూర్చుండినవారమే కావున ఈ మాట చెప్పుటకు మాకు సిగ్గుగానే యున్నది.

అరియకుడి రామానుజయ్యంగారు మొదలగు మహాగాయకుల ప్రక్కన వాయించి పేరొందిన నాయుడుగారు, 1938లో వేలూరున గాయకుడు లేకయే ఫిడేలుతో కచ్చేరీ చేసిరి. ఫిడేలును నడుమ కూర్చుండబెట్టిన తొలి కచ్చేరీగా దీనిని చెప్పుదురు. గాయకుని గొంతు లేనిచో తీగ యేమి చెప్పగలదని సందేహించినవారికి వారి కమానే సమాధానమిచ్చెను. కమానును చివరనుండి చివరవఱకు నిదానముగా లాగి, ఒక్క ఊపిరిలో పాడినట్లు స్వరమును నిలుపుట వారి ప్రత్యేకత. తంబురా నాదమును గూర్చి వారు వ్యాసములు వ్రాసిరి. శ్రుతి కుదురని చోట రాగము నిలువదని గ్రహించినవారు గనుక అది వారికి తగిన పనియే.

1941లో మదరాసు సంగీత విద్వత్సభ వారిని సంగీత కళానిధిగా గౌరవించెను. ఉత్తరాంధ్రమున నివసించు విద్వాంసునకు మదరాసనిన మాటలా! ఆ దినములలో వాల్తేరువఱకు ఒక కంపెనీ రైలు, అచ్చటినుండి మరొక కంపెనీ రైలు. ఫిడేలు పెట్టెను ఒడిలోని బిడ్డవలె కాపాడుకొనుచు, మసకచూపుతో ఆ దూరమెల్ల ప్రయాణము చేయవలెను. తరువాత మదరాసున న్యాయమూర్తి రాజమన్నారుగారి యింట, జగద్విఖ్యాతుడగు యెహూదీ మెనూహిన్ వారి వాద్యమును శ్రద్ధతో వినెను. ఫిడేలు పుట్టిన దిక్కునుండి వచ్చినవాడు, ఆ ఫిడేలు మన యింట నేర్చుకొనిన భాషను వినుచు కూర్చుండుట! స్వరాజ్యము కొఱకు సభలలో గొంతు చించుకొనిన మావంటివారికి ఆ దృశ్యమును తలచుకొన్నచో ఇప్పటికిని ఒడలు పులకరించును. 1957లో ప్రభుత్వము వారికి పద్మశ్రీ నిచ్చినది. 1993లో వారి శతజయంతికి తపాలాబిళ్లయు వచ్చినది.

ఇంక ఆ యింటి మాట. అన్నగారివద్ద తాము పొందిన విద్యను వారు తమ వారికే గాక ఊరివారికిని పంచిరి. వారు అధ్యక్షులుగా నున్న కళాశాలయందే ఘంటసాల వేంకటేశ్వరరావుగారు చదువుకొనిరి. కుటుంబమున ద్వారం నరసింగరావుగారు, కుమారులు భావనారాయణరావుగారు ఫిడేలు విద్వాంసులైరి. భావనారాయణరావుగారు తండ్రి కూర్చున్న అధ్యక్షపీఠమునే తరువాత నలంకరించిరి. కుమార్తె మంగతాయారుగారి చేతికిని నాయుడుగారు ఫిడేలిచ్చిరి. ఆడపిల్లకు సంగీతమనిన పెండ్లిచూపులకు రెండు కీర్తనలని తలచిన తరమది. వారు మాత్రము కుమారునకొక పాఠము, కుమార్తెకొక పాఠము చెప్పినవారు కారు. ఆమె తండ్రిబాణీని వేదికలపై వినిపించిన విదుషీమణి యైనది.

ఊరూర తిరుగు విద్వాంసుని కష్టమేమనగా, వాని పని గాలిలో కలిసిపోవును. రైతు చెఱువు త్రవ్వించిన చెఱువు మిగులును. కవి వ్రాసిన గ్రంథము మిగులును. నాయుడుగారి నాలుగు గంటల కచ్చేరీలో గ్రామఫోను పలకకు ఎక్కినది ముక్కకు మూడు నిమిషములు. రాగము విప్పుకొనకముందే ముల్లు పలక నడిమికి చేరును. మిగిలిన సంగీతము ఎచ్చటనున్నదని యడిగినచో, ఆ యింటి పిల్లల వ్రేళ్లలో నుండెను. తెల్లవాఱుజామున దీపమక్కఱలేని ఆ పాఠమున, తప్పు స్వరము పడినచో తండ్రి చూడనక్కఱలేదు. వినిన చాలును.