ప్రశ్న ప్రధానికి, జవాబు ఎవరిది?

కేంద్ర ప్రభుత్వ శాఖల్లో ఎస్సీలకు రిజర్వు చేసిన బ్యాక్‌లాగ్ పోస్టులు ఎన్ని ఖాళీగా ఉన్నాయి? ఏ ఎంపీ అయినా పార్లమెంటులో ఈ ప్రశ్న వేస్తే, ఆ కాగితం మీద మొదటి మాట ఇలా ఉంటుంది: ‘ప్రధానమంత్రి దయచేసి తెలియజేస్తారా?’ సామాజిక న్యాయ శాఖ మంత్రిని కాదు, విద్యామంత్రిని కాదు, ప్రభుత్వాధినేతనే అడుగుతారు. ఈ సంగతి మన విద్యార్థుల్లో, కార్యకర్తల్లో చాలామందికి తెలియదు. ఖాళీ పోస్టుల గురించి మనం ధర్నా చౌక్‌లో అడుగుతాం, కలెక్టరేట్ ముందు అడుగుతాం, వినతిపత్రాలు ఇస్తాం. కానీ చట్టసభలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన మనిషి ఎవరో తెలుసుకోం. తెలుసుకోకపోవడం వల్ల నష్టపోయేది మనమే. అందుకే ఈ ప్రశ్నలు ఎలా నడుస్తాయో, జవాబులు ఎలా జారిపోతాయో, వాటిని మనం ఎలా పట్టుకోవచ్చో ఇక్కడ చూద్దాం.

ప్రధానినే ఎందుకు అడగాలి?

రిజర్వేషన్ల అమలు నిబంధనలు, రోస్టరు, బ్యాక్‌లాగ్ లెక్కలు చూసేది డీఓపీటీ అని పిలిచే సిబ్బంది, శిక్షణ విభాగం. యూపీఎస్సీ, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వ్యవహారాలు కూడా దీని పరిధిలోవే. ఈ విభాగం ఉన్న మంత్రిత్వ శాఖను ప్రధాని తన దగ్గరే ఉంచుకున్నారు. అణుశక్తి, అంతరిక్ష విభాగాలు కూడా ఆయన చేతిలోనే ఉన్నాయి. కాబట్టి ఈ మూడింటి మీద వేసే ప్రశ్నలు ప్రధాని పేరు మీదే వెళ్తాయి. వీటికి లోక్‌సభలో బుధవారం, రాజ్యసభలో గురువారం కేటాయించారు.

చదువుకు దీనితో ఏం సంబంధం అనుకోవచ్చు. చాలా ఉంది. కేంద్ర విద్యాసంస్థల్లో అధ్యాపక పోస్టులకు రిజర్వేషన్ల చట్టం 2019లో వచ్చింది. అంతకుముందు 2017లో అలహాబాద్ హైకోర్టు తీర్పు, దాని ఆధారంగా 2018 మార్చిలో యూజీసీ ఇచ్చిన ఉత్తర్వు యూనివర్సిటీని కాకుండా డిపార్టుమెంటును యూనిట్‌గా తీసుకోమన్నాయి. రెండు మూడు పోస్టులుండే డిపార్టుమెంటులో ఎస్సీ వంతు ఎప్పటికి వస్తుంది? దేశమంతా దళిత, ఆదివాసీ, బహుజన అధ్యాపకులూ విద్యార్థులూ రోడ్డెక్కితే ఈ చట్టం వచ్చింది. అయితే అదే చట్టం కొన్ని పరిశోధన సంస్థలను షెడ్యూలులో చేర్చి మినహాయించింది. ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, హోమీ భాభా నేషనల్ ఇన్‌స్టిట్యూట్, అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ ఆ కోవలోవే. మొదటి రెండూ అణుశక్తి విభాగం కింద, మూడోది అంతరిక్ష విభాగం కింద ఉన్నాయి. టాటా ఇన్‌స్టిట్యూట్‌కు మన హైదరాబాద్‌లోనూ కేంద్రం ఉంది. ఈ సంస్థల్లో దళిత ప్రొఫెసర్లు ఎందరని అడగాలంటే విద్యామంత్రిని కాదు, ప్రధానినే అడగాలి.

అడిగేది ఆయన్ని, చెప్పేది ఇంకొకరు

ప్రధాని శాఖలకు కేటాయించిన రోజున ఆయన స్వయంగా లేచి జవాబు చెప్పాలన్న నిర్బంధం లేదు. ఆయన తరఫున సహాయ మంత్రి చెబుతారు. 2014 నుంచి ఈ పని చేస్తున్నది జితేంద్ర సింగ్. బ్రిటన్‌లో పద్ధతి వేరు. అక్కడ 1961 నుంచి ప్రధానిని ప్రశ్నించడానికి ప్రత్యేకంగా సమయం కేటాయించారు. 1997 నుంచి వారానికి ఒకసారి, బుధవారం అరగంట, ప్రధాని స్వయంగా నిలబడి జవాబు చెబుతారు. బ్రిటిష్ పార్లమెంటు నుంచి ప్రశ్నోత్తరాల సమయాన్ని తెచ్చుకున్న మనం ప్రధాని ఒక్కరినే నిలబెట్టి అడిగే ఆ అరగంటను మాత్రం తెచ్చుకోలేదు.

అయినా ఒక మాట గుర్తుంచుకోవాలి. రాజ్యాంగంలోని 75(3) అధికరణం ప్రకారం మంత్రిమండలి మొత్తం లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహిస్తుంది. సహాయ మంత్రి నోటి నుంచి వచ్చినా ఆ జవాబు ప్రభుత్వానిదే. దాన్ని పట్టుకుని ప్రధానిని నిలదీసే హక్కు మనకు ఉంది.

చుక్క ఉన్న ప్రశ్న, చుక్క లేని ప్రశ్న

పార్లమెంటు ప్రశ్నల్లో ప్రధానంగా రెండు రకాలు. నక్షత్రం గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి. దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. లోక్‌సభలో రోజుకు ఇలాంటివి 20 మాత్రమే తీసుకుంటారు, అవి కూడా బ్యాలెట్ ద్వారా. గంటలో వాటిలో కొన్నే చర్చకు వస్తాయి. నక్షత్రం లేని ప్రశ్నలు లోక్‌సభలో రోజుకు 230 దాకా ఉంటాయి. వాటికి కాగితం మీద జవాబు వస్తుంది, అంతటితో సరి. తిరిగి అడిగే అవకాశం ఉండదు. ఏ ప్రశ్నకైనా కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. లోక్‌సభలో ప్రశ్న మామూలుగా 150 పదాలు దాటకూడదు.

ప్రశ్నకు బలం లేదనుకుంటే పొరపాటు. 1957లో ఎల్ఐసీ పెట్టుబడుల మీద లోక్‌సభలో లేచిన ప్రశ్నలే ముంద్రా కుంభకోణాన్ని బయటకు లాగాయి. మరుసటి ఏడాది ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేయాల్సి వచ్చింది. 2020 సెప్టెంబరు సమావేశాల్లో కరోనా పేరు చెప్పి ప్రశ్నోత్తరాల సమయాన్నే ఎత్తేశారు. లిఖితపూర్వక జవాబులు మాత్రం మిగిలాయి. అంటే, ఎదురు ప్రశ్న వేసే వీలున్న భాగమే పోయింది.

జవాబు ఎలా జారిపోతుంది?

మొదటి దారి: మాటకు ఉన్న అర్థం చాటున దాక్కోవడం. 2021 జూలైలో రాజ్యసభలో మాన్యువల్ స్కావెంజింగ్ వల్ల మరణాలేవీ నమోదు కాలేదని సామాజిక న్యాయ సహాయ మంత్రి రాందాస్ అథవాలే జవాబిచ్చారు. దేశం నివ్వెరపోయింది. అదే ఏడాది ఫిబ్రవరిలో అదే మంత్రిత్వ శాఖ, సీవర్లు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేస్తూ అయిదేళ్లలో 340 మంది చనిపోయారని లోక్‌సభకు చెప్పింది. రెండూ ఎలా నిజమవుతాయి? 2013 చట్టం పాకీ పనిని ఒక మాటతో, సీవర్లో దిగి చేసే ప్రమాదకర పనిని ఇంకో మాటతో నిర్వచించింది. ప్రశ్నలో మొదటి మాట వాడితే శవాలు మాయమవుతాయి. రెండో మాట వాడితే తిరిగి కనిపిస్తాయి. చనిపోయినవాళ్లు ఒకటే, వాళ్ల కులం ఒకటే.

రెండో దారి: లెక్క ఇచ్చి కారణాన్ని దాటేయడం. 2023 డిసెంబరులో లోక్‌సభకు విద్యాశాఖ ఇచ్చిన జవాబు చూడండి. అయిదేళ్లలో కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, ఐఐఎంల నుంచి 13,626 మంది ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు చదువు మధ్యలో వెళ్లిపోయారు. ఇందులో ఎస్సీలు కేంద్రీయ వర్సిటీల్లో 2,424 మంది, ఐఐటీల్లో 1,068 మంది, ఐఐఎంలలో 188 మంది, మొత్తం 3,680 మంది. ఎందుకు వెళ్లారు? విద్యార్థులకు అనేక అవకాశాలు ఉంటాయని, ఒక సంస్థ నుంచి మరో సంస్థకు, ఒక కోర్సు నుంచి మరో కోర్సుకు ఇష్టపూర్వకంగా మారతారని ప్రభుత్వం చెప్పింది. మారినవాళ్లెందరు, ఇల్లు చేరినవాళ్లెందరు? ఫీజు కట్టలేక పోయినవాళ్లెందరు, వివక్ష భరించలేక పోయినవాళ్లెందరు? 2016 జనవరి 17న రోహిత్ వేములను పోగొట్టుకున్న మనకు, ఆ ‘ఇష్టపూర్వకంగా’ అన్న మాట దగ్గరే అసలు ప్రశ్న మొదలవుతుంది.

మూడో దారి: ఇది మా పరిధి కాదనడం. పోస్టుమెట్రిక్ స్కాలర్‌షిప్‌నే తీసుకుందాం. ఎస్సీ విద్యార్థుల కోసం 1944 నుంచి ఉన్న పథకమిది. 2020 డిసెంబరులో కేంద్ర కేబినెట్ దీన్ని మార్చింది. ఖర్చులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. అయిదేళ్లకు మొత్తం 59,048 కోట్ల రూపాయలు, అందులో కేంద్రం వాటా 35,534 కోట్లు అని ప్రకటించింది. ఇక ఫీజు రాని విద్యార్థి ఎవరిని అడగాలి? ఢిల్లీలో అడిగితే రాష్ట్రం తన వాటా వేయలేదంటారు. రాష్ట్రంలో అడిగితే కేంద్రం నుంచి రాలేదంటారు. మధ్యలో బకాయి కడితేనే సర్టిఫికెట్ ఇస్తామని కాలేజీ కూర్చుంటుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇది ఏ హాస్టల్‌లో అడిగినా చెప్పే కథ. కాబట్టి పార్లమెంటులో ఒక ప్రశ్న, అదే నెలలో అసెంబ్లీలో ఇంకో ప్రశ్న పడాలి. రాష్ట్రంలో ప్రభుత్వాధినేత ముఖ్యమంత్రి. రెండు జవాబులూ పక్కపక్కన పెడితే డబ్బు ఎక్కడ ఆగిందో తేలుతుంది.

పట్టు దొరికేలా అడగడం

‘దళితుల సంక్షేమానికి ప్రభుత్వం ఏం చేస్తోంది?’ అని అడిగితే పథకాల జాబితా వస్తుంది. భర్తీ నిరంతరం జరిగే ప్రక్రియ అన్న పాత వాక్యం వస్తుంది. అదే ప్రశ్నను ఇలా అడిగి చూడండి:

అ) గత అయిదేళ్లలో ఫలానా మంత్రిత్వ శాఖలో ఎస్సీలకు రిజర్వు చేసిన బ్యాక్‌లాగ్ పోస్టులు గ్రూపుల వారీగా, ఏడాది వారీగా ఎన్ని?
ఆ) వాటిలో ఎన్నింటికి నోటిఫికేషన్ ఇచ్చారు, ఎన్ని భర్తీ చేశారు?
ఇ) తగిన అభ్యర్థి దొరకలేదని ఖాళీగా వదిలేసినవి ఎన్ని?
ఈ) మిగిలినవి ఏ తేదీలోగా భర్తీ చేస్తారు?

ఇందులో ప్రతి ముక్కకూ అంకెతోనో తేదీతోనో జవాబు చెప్పాలి. చెప్పకపోతే చెప్పలేదని స్పష్టంగా కనిపిస్తుంది. 50 శాతం పరిమితి అడ్డమొచ్చిందని తప్పించుకునే వీలు కూడా లేదు. 2000లో 81వ సవరణతో వచ్చిన 16(4బి) అధికరణం, పాత బ్యాక్‌లాగ్ పోస్టులను ఆ ఏటి పరిమితిలో కలపకుండా వేరుగా లెక్కించే వీలు కల్పించింది.

ఇక సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం అన్న జవాబు వస్తే నిరాశపడకండి. అది ప్రభుత్వం సభకు ఇచ్చిన హామీ కింద లెక్క. దాన్ని మూడు నెలల్లో నెరవేర్చాలి. నెరవేర్చారో లేదో చూడడానికి లోక్‌సభలో 1953 నుంచి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. రాజ్యసభకూ ఇలాంటి కమిటీ ఉంది. ఆ హామీ ఏమైందని ఎంపీ ద్వారా కమిటీకి రాయించవచ్చు. సమాచార హక్కు చట్టం కింద సంబంధిత శాఖను అడగవచ్చు. జవాబులో అన్యాయం కనిపిస్తే అరగంట చర్చ కోరమని ఎంపీని ఒత్తిడి చేయవచ్చు. పార్లమెంటు వెబ్‌సైటులో పాత ప్రశ్నలు, జవాబులు అందరికీ అందుబాటులో ఉన్నాయి. ప్రతి విద్యార్థి సంఘం తన విషయం మీద గత అయిదేళ్ల జవాబులు దించుకుని ఒక ఫైలు కట్టుకుంటే, ఏ సంవత్సరం లెక్క ఏ సంవత్సరంతో పొసగడం లేదో మనకే కనబడుతుంది.

బాబాసాహెబ్ ఈ బల్లకు రెండు వైపులా కూర్చున్నారు. 1927 నుంచి బొంబాయి శాసనమండలిలో సభ్యుడిగా ప్రభుత్వాన్ని ప్రశ్నించారు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో లేబర్ మెంబరుగా సభ్యుల ప్రశ్నలకు జవాబులు చెప్పారు. 1942లోనే మన ఉద్యోగాలు, మన చదువుల మీద లెక్కలతో సహా వైస్రాయికి మెమొరాండం ఇచ్చారు. మరుసటి ఏడాది కేంద్ర ఉద్యోగాల్లో ఎస్సీలకు 8.33 శాతం రిజర్వేషన్ వచ్చింది, ఆ తర్వాతి ఏడాది స్కాలర్‌షిప్ వచ్చింది. ఆయన చేతిలో ఉన్నది అంకె. అడగాల్సిన మనిషినే అడిగారు.

వచ్చే పార్లమెంటు సమావేశాల తేదీలు ప్రకటించగానే మీ ఎంపీ ఇంటికి వెళ్లండి. వినతిపత్రం ఒక్కటే పట్టుకెళ్లకండి. 150 పదాల్లోపు రాసిన ప్రశ్న కూడా పట్టుకెళ్లండి. పైన ప్రధానమంత్రి అని రాయండి.