కాంతి చెప్పే ఆచూకీ

వ్యాధి ముదిరిన పిదప చికిత్స కష్టసాధ్యం. క్యాన్సర్ విషయంలో ఇది మరింత సత్యం. కోట్లాది కణాల నడుమ దారి తప్పిన కణాన్ని ఆదిలోనే గుర్తించడం ఎట్లు?

విశాఖపట్నంలో బాల్యవిద్య నేర్చిన సర్ సి.వి. రామన్ 1928లో ఒక వింతను లోకానికి వెల్లడించారు. పదార్థంపై పడిన కాంతిలో అత్యల్పభాగం రంగు మార్చుకొని చెదురుతుంది. ఆ మార్పు ఒక్కొక్క అణువుకు ఒక్కొక్క విధం. అది అణువు వేలిముద్ర వంటిది. అయితే ఆ కాంతి మిక్కిలి క్షీణమైనది. గరుకైన వెండి ఉపరితలంపై అది ఎన్నో రెట్లు ప్రబలుతుందని 1970వ దశకంలో తెలిసింది.

అందుచేత బంగారు నానోకణానికి సంకేతమిచ్చే అణువులను, క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టే ప్రతిరక్షకాన్ని జతచేస్తారు. అది ఆ కణాన్ని అంటుకొంటుంది. లేజరు కాంతి సోకగానే దాని ఆచూకీ తెలుపుతుంది. 2008లో అమెరికా శాస్త్రజ్ఞులు సజీవమైన ఎలుకలోని కణితిని ఇట్లే గుర్తించారు.

నాచారానికి చేరువలో, ఉప్పల్ రోడ్డుపై ఉన్న భారతీయ రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రజ్ఞులు ఆకురసంతో వెండి నానోకణాలను రూపొందించి 2014లో ఫలితాలను ప్రకటించారు. అవి క్యాన్సర్ కణాలలో ఎర్రగా ప్రకాశించాయి. అది రామన్ కాంతి కాదు, ప్రతిదీప్తి. లక్ష్యం మాత్రం ఒక్కటే.

ఈ లోహరేణువులు దేహానికి హాని చేయవని నిర్ధారణ కావాలి. అప్పుడే ప్రయోగశాలలోని వెలుగు రోగి చెంతకు చేరుతుంది.