డీపీటీ టీకా తర్వాత జ్వరం: ఎంతవరకు మామూలు? ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి?

ఉదయం టీకా వేయిస్తే సాయంత్రానికి బిడ్డ ఒళ్లు వేడెక్కుతుంది. తొడ వాచి ఎర్రబడుతుంది. కాలు కదిపితే ఏడుపు. పసిపిల్లలున్న ఇళ్లలో ఇది తెలిసిన సంగతే. 'బాగున్న పిల్లను తీసుకెళ్లి జ్వరం తెప్పించారు' అని పెద్దవాళ్లు విసుక్కోవడమూ మామూలే. ఆ భయంతో తర్వాతి డోసు మానేస్తేనే అసలు ప్రమాదం. ఈ టీకా తర్వాత ఏం జరుగుతుంది, ఎందుకు జరుగుతుంది, ఏ లక్షణాలను తేలిగ్గా తీసుకోకూడదు? తెలుసుకుందాం.

ఏమిటీ టీకా? ఎప్పుడెప్పుడు వేస్తారు?

కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం అనే మూడు జబ్బుల నుంచి రక్షించేదే డీపీటీ. పసికందులకు దీన్ని విడిగా వేయరు. హెపటైటిస్-బి, హిబ్ టీకాలతో కలిపి పెంటావాలెంట్ పేరుతో 6, 10, 14 వారాల వయసులో మూడు డోసులు ఇస్తారు. 16-24 నెలల మధ్య డీపీటీ మొదటి బూస్టర్, 5-6 ఏళ్లకు రెండోది. ఆ తర్వాత 10, 16 ఏళ్లకు వేసేది టీడీ. అందులో కోరింత దగ్గు భాగం ఉండదు. ప్రభుత్వ కేంద్రాల్లో ఇవన్నీ ఉచితం.

జ్వరం ఎందుకొస్తుంది?

ప్రభుత్వం ఇచ్చే టీకాలో కోరింత దగ్గు కలిగించే సూక్ష్మజీవిని చంపి, మొత్తంగా వాడతారు. దాన్ని చూసి శరీరం అప్రమత్తమవుతుంది. ఆ స్పందనే జ్వరం, నొప్పి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఈ రకం టీకా వేయించుకున్న పిల్లల్లో సగం మంది వరకు జ్వరం, సూది వేసిన చోట నొప్పి, వాపు రావచ్చు. చిరాకు, మగతగా ఉండటం, పాలు సరిగా తాగకపోవడం కూడా ఉంటాయి. చాలావరకు ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. జ్వరం రాకపోతే టీకా పనిచేయలేదని అనుకోనక్కర్లేదు.

సూది వేసిన చోట చిన్న గట్టి గడ్డ కొన్ని వారాలు ఉండొచ్చు. నొప్పి, ఎరుపు పెరగకుండా ఉంటే అదే కరిగిపోతుంది. దాన్ని నలపడం, పసర్లు పూయడం వద్దు. శుభ్రమైన తడి గుడ్డ వేస్తే చాలు.

'నొప్పి లేని టీకా' మంచిదా?

ప్రైవేటు ఆసుపత్రుల్లో ఈ పేరుతో వేసేది ఎసెల్యులార్ రకం. ఇందులో సూక్ష్మజీవిలోని కొన్ని ప్రొటీన్లు మాత్రమే ఉంటాయి. అందుకే జ్వరం, వాపు తక్కువ. అయితే కోరింత దగ్గు నుంచి దీని రక్షణ త్వరగా తగ్గుతుందని అధ్యయనాల్లో తేలింది. కాబట్టి ఉచిత టీకాను నాసిరకం అనుకోవద్దు. ముందు డోసుకు బిడ్డకు తీవ్రమైన ఇబ్బంది వచ్చి ఉంటే, తర్వాత ఏ రకం వేయాలో డాక్టరు నిర్ణయిస్తారు.

జ్వరానికి మందు ఎలా వేయాలి?

టీకాకు ముందే మందు వేయొద్దు. జ్వరం వస్తే పారాసిటమాల్ సరిపోతుంది. బరువును బట్టి కిలోకు 10-15 మిల్లీగ్రాములు ఒక మోతాదు. రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటల ఎడం ఉండాలి. రోజుకు నాలుగు సార్లు దాటకూడదు. ఆస్పిరిన్ అసలు ఇవ్వకూడదు.

ఇక్కడే ఒక పొరపాటుకు అవకాశం ఉంది. సాధారణంగా దొరికే చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. సిరప్‌లో చాలావరకు 5 మిల్లీలీటర్లకు 120 లేదా 125 మిల్లీగ్రాములే. అంటే చుక్కల మందు సుమారు నాలుగు రెట్లు గాఢం. సిరప్ కొలతలో చుక్కల మందు పోస్తే మోతాదు నాలుగింతలవుతుంది. సీసా మీద రాసింది చదవండి. ఎంత వేయాలో ఏఎన్‌ఎంను అడిగి కార్డు మీదే రాయించుకోండి.

తల్లిపాలు ఆపొద్దు, మరిన్నిసార్లు పట్టండి. దుప్పట్లు చుట్టకుండా పల్చని బట్టలు వేయండి.

ఎప్పుడు ఆగకుండా వెళ్లాలి?

* టీకా వేసిన కాసేపటికే ముఖం వాయడం, ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి అందకపోవడం. ఇది తీవ్రమైన అలర్జీ. చాలా అరుదు, పది లక్షల డోసులకు సుమారు 20. టీకా తర్వాత అరగంట అక్కడే కూర్చోమనేది ఇందుకే.
* మూడు గంటలకు పైగా, ఎత్తుకున్నా ఆగని ఏడుపు.
* ఫిట్స్. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళం చెవులు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం, నోట్లో నీళ్లు పోయడం వద్దు.
* బిడ్డ పాలిపోయి, వాలిపోయి, పిలిచినా పలకకపోవడం. వెయ్యికి ఒకటి రెండు డోసులకు మించి కనిపించదు. సాధారణంగా దానంతటదే తగ్గుతుంది, అయినా డాక్టరుకు చూపించాలి.
* పాలు పూర్తిగా మానేయడం, రెండు రోజులు దాటినా తగ్గని జ్వరం.

అత్యవసరమైతే 108కి ఫోన్ చేయండి. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో సర్వజన ఆసుపత్రులు దగ్గరే. సీతంపేట, పార్వతీపురం వైపు కొండ ఊళ్లవాళ్లు మాత్రం చీకటి పడేదాకా చూడకుండా ముందే బయలుదేరాలి. జరిగింది ఏఎన్‌ఎం లేదా ఆశా కార్యకర్తకు తప్పక చెప్పండి. బిడ్డను ఆసుపత్రిలో చేర్చాల్సినంత తీవ్రమైన ప్రతి ఘటన మీదా జిల్లా స్థాయిలో విచారణ జరగాలన్నది నిబంధన.

భయపడి ఆపేస్తే ఏమవుతుంది?

జపాన్‌లో 1974-75లో రెండు శిశు మరణాల తర్వాత ఈ టీకాను కొన్నాళ్లు ఆపేశారు. తిరిగి మొదలుపెట్టినా జనం నమ్మలేదు. 80 శాతం ఉన్న టీకా నమోదు 10 శాతానికి పడిపోయింది. 1974లో 393 కోరింత దగ్గు కేసులు, ఒక్క మరణమూ లేదు. 1979లో 13 వేల కేసులు, 41 మరణాలు. బ్రిటన్‌లోనూ టీకా మెదడును దెబ్బతీస్తుందన్న ప్రచారంతో లక్షకు పైగా కేసులొచ్చాయి. టీకా వల్లే మెదడు దెబ్బతిందని భావించిన 14 మందిని పరీక్షిస్తే, 11 మందిలో మూర్ఛ తెచ్చే జన్యులోపం ముందే ఉందని 2006లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు.

అంత దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి కంఠసర్పితో పిల్లలు వస్తూనే ఉన్నారు. ఈ జబ్బులో గొంతులో పొర కట్టి ఊపిరి ఆగిపోవచ్చు, గుండె దెబ్బతినొచ్చు.

ఎవరికి వాయిదా? డోసు తప్పితే?

మామూలు జలుబు, దగ్గు, కొద్దిపాటి విరేచనాలు ఉంటే వాయిదా వేయక్కర్లేదు. ముందు డోసుకు తీవ్ర అలర్జీ వచ్చినా, వారంలోపు మెదడుకు సంబంధించిన సమస్య తలెత్తినా డాక్టరును అడగకుండా మళ్లీ వేయించకూడదు. ఫిట్స్ చరిత్ర ఉంటే ముందే చెప్పండి. ఏడేళ్లు దాటితే డీపీటీ వేయరు, టీడీ ఇస్తారు.

ఆలస్యమైతే మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పని లేదు. ఆగిన చోటు నుంచే కొనసాగిస్తారు. విశాఖ, విజయవాడ, హైదరాబాద్, చెన్నైలకు పనుల కోసం వెళ్లే కుటుంబాలు తల్లీబిడ్డల కార్డును ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే మంచిది. దేశంలో ఎక్కడైనా ప్రభుత్వ కేంద్రంలో తర్వాతి డోసు వేయించుకోవచ్చు. యూ-విన్‌లో నమోదు చేయించుకుంటే వివరాలు ఆన్‌లైన్‌లోనూ ఉంటాయి. ఎక్కువగా మరచిపోయేది ఏడాదిన్నర వయసులో వేసే బూస్టర్‌నే. ఈ రోజే కార్డు తీసి తేదీ చూడండి.