పిల్లల మనసు బాగోకపోతే ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

పిల్లాడికి జ్వరమొస్తే గంటలో డాక్టరుకి ఫోన్ చేస్తాం. అదే పిల్లాడు నెలరోజులుగా ఎవరితోనూ మాట్లాడకుండా గదిలో తలుపేసుకుని కూర్చుంటే, "వయసు అలాంటిది, అదే సర్దుకుంటుందిలే" అంటాం. నేను అమెరికాలో ఒక పబ్లిక్ స్కూల్లో కౌన్సిలర్‌గా పనిచేస్తున్నాను. మనవాళ్ళు పార్టీల్లో పక్కకి పిలిచి, గొంతు తగ్గించి నన్ను అడిగే ప్రశ్నలకి ఈ వారం మైకులో జవాబులు చెబుతాను.

మొదటి ప్రశ్న: ఇది మామూలు అలకా, లేక నిజంగా ఇబ్బందా? రోజులు లెక్కపెట్టండి. నిద్ర, తిండి, చదువు, స్నేహాలు, వీటిలో మార్పు వచ్చి రెండు వారాలు దాటితే ఊరుకోకండి. పిల్లల్లో దిగులు ఎప్పుడూ ఏడుపుగానే కనిపించదు. చాలాసార్లు చిరాకుగా, కోపంగా బయటపడుతుంది. స్కూలున్న రోజుల్లోనే పొద్దున్నే వచ్చే కడుపునొప్పి కూడా ఒక్కోసారి భయమే. ఇష్టంగా వెళ్ళే డాన్సు క్లాసో క్రికెట్టో హఠాత్తుగా మానేస్తే, బద్ధకమని తిట్టేముందు ఒకసారి ఆలోచించండి.

రెండోది: ముందు ఎవర్ని కలవాలి? మీ పిల్లల డాక్టర్నే. పన్నెండేళ్ళు దాటిన పిల్లలందరినీ ఏటా డిప్రెషన్ గురించి ప్రశ్నలడిగి చూడాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతుంది. రక్తహీనత, థైరాయిడ్ లాంటివి కారణమేమో కూడా ఆయనే చూస్తారు. స్కూల్లో మాలాంటి కౌన్సిలర్ని కలవడానికి డబ్బు కట్టక్కర్లేదు. మేం దీర్ఘకాలం చికిత్స చెయ్యం కానీ, దారి చూపిస్తాం. అవసరమైతే 1973 నాటి చట్టం ప్రకారం 504 ప్లాన్ అడగొచ్చు. దాంతో పరీక్షలో అదనపు సమయం, గాభరా పుట్టినప్పుడు క్లాసులోంచి కాసేపు బయటికి వచ్చే అనుమతి లాంటివి దొరుకుతాయి. కాలేజీకి వెళ్ళే ట్రాన్స్‌క్రిప్టులో ఆ సంగతి రాయరు. ఈ ఒక్క భయంతోనే ఆగిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి నొక్కి చెబుతున్నాను.

మూడోది: థెరపిస్టంటే మందులిచ్చేస్తారా? మందులు రాసేది ముఖ్యంగా సైకియాట్రిస్టులు, కొన్నిసార్లు పిల్లల డాక్టర్లు. సైకాలజిస్టులు, లైసెన్సున్న సోషల్ వర్కర్లు ఎక్కువగా మాటలతోనే వైద్యం చేస్తారు. భయానికీ దిగులుకీ బాగా పనిచేసేదని పేరున్నది సీబీటీ. సాధారణంగా వారానికొకసారి చొప్పున మూడు నాలుగు నెలలు పడుతుంది. మీ ఇన్సూరెన్స్ కార్డు వెనకున్న నంబరుకి ఫోన్ చేసి, మీ నెట్‌వర్క్‌లో పిల్లల్ని చూసేవాళ్ళెవరో, కోపే ఎంతో అడగండి. మానసిక వైద్యాన్ని కవర్ చేసే ప్లాన్లు మామూలు వైద్యం కంటే దానికి ఎక్కువ ఆంక్షలు పెట్టకూడదని 2008లో చట్టం వచ్చింది. వెయిటింగ్ లిస్టులు పెద్దవే, రెండు మూడు చోట్ల పేరివ్వండి.

"లోపల ఏం మాట్లాడారో మాకు చెప్పరా?" అని కూడా అడుగుతారు. ప్రాణానికి ప్రమాదముంటే తప్పకుండా చెబుతారు. మిగతా విషయాల్లో రాష్ట్రాన్ని బట్టి, వయసుని బట్టి నిబంధనలు మారతాయి. మొదటిరోజే అడిగి తెలుసుకోండి. ఆ మాత్రం గోప్యత లేకపోతే పిల్లలు నోరు విప్పరు.

ఇక అసలు సంగతి. నా గదికి వచ్చే మన పిల్లలు ఎక్కువగా అనే మాట, "అమ్మావాళ్ళకి చెప్పకండి, బాధపడతారు" అని. "ఇంత దూరం వచ్చి కష్టపడుతున్నది నీకోసమేరా" అని మనం ప్రేమగానే అంటాం. వాళ్ళకి మాత్రం, నేను బాగోలేనని చెప్పే హక్కు నాకు లేదు అని వినిపిస్తుంది. అందుకని ఈ మాటలు చెప్పి చూడండి: "నీలో లోపముందని కాదు. కాలు బెణికితే డాక్టరు దగ్గరికి వెళ్ళినట్టే ఇదీను. మేం నీతోనే ఉంటాం." ఇండియా నుంచి అమ్మమ్మగారు ఫోన్లో దిష్టి తీయమంటే నిక్షేపంగా తీయండి. అపాయింట్‌మెంటు మాత్రం వాయిదా వెయ్యకండి.

చివరగా ఒక్కమాట. "నేను లేకపోతే మీకే హాయి" లాంటి మాట వినిపిస్తే రెండు వారాలు లెక్కపెట్టకండి, ఆ రోజే కదలండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. దాచుకున్నది బయటికొస్తుంది. ఇంట్లో ఉన్న మందులన్నీ తాళం వెయ్యండి. 2022 జులై నుంచి అమెరికా అంతటా 988 నంబరు పనిచేస్తోంది. పగలైనా రాత్రైనా ఫోన్ చెయ్యొచ్చు, మెసేజీ పంపొచ్చు. పిల్లలే కాదు, ఏం చెయ్యాలో తోచని తల్లిదండ్రులు కూడా చెయ్యొచ్చు. ప్రాణం మీదకి వచ్చిందనిపిస్తే 911కి చెయ్యండి.

నలుగురూ ఏమనుకుంటారో అన్న బెంగ మీకుంటే, ఆ నలుగురిలో కొందరు ఇవే ప్రశ్నలు నన్ను అడిగినవాళ్ళేనని గుర్తుపెట్టుకోండి. వచ్చేవారం మళ్ళీ కలుద్దాం. సెలవు.